సముద్రం తీర్చే బాకీ

2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను న్యూజీలాండ్‌ని అతలాకుతలం చేసి వెళ్ళిపోయింది. మూడు వారాల తర్వాత, రోడ్లు కాస్త బాగుపడ్డాయని తెలిసి, ఒక ఆదివారం ఒమహా బీచికి బయల్దేరాం. మేముండే ఆక్లండ్ నుంచి ఉత్తరంగా గంటకు పైగా ప్రయాణం. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరో చెబితే ఒకసారి వెళ్ళాం, అప్పట్నుంచీ ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తూనే ఉన్నాం. పులిహోర డబ్బా, చాప, గొడుగు, పిల్లకి చిన్న పార, బకెట్టు. మా వారాంతపు వైభవం అంతే.

ఆ రోజు దిబ్బ మీదుగా వేసిన చెక్క దారి చివరిదాకా వెళ్ళి ఆగిపోయాం. మెట్లు గాల్లో వేలాడుతున్నాయి. కింద మనిషెత్తు గొయ్యి. ఇసుక దిబ్బని ఎవరో జున్నుముక్క కోసినట్టు నిలువునా కోసేశారు. కోసిన చోట గడ్డి వేళ్ళు జడలు జడలుగా వేలాడుతున్నాయి. మేం చాప పరుచుకునే మెత్తటి తెల్లటి ఇసుక మెట్ట లేదు. దాని బదులు తడిసి గట్టిపడిన నేల, దాని మీద కొట్టుకొచ్చిన దుంగలు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. చేతిలో బకెట్టుతో నిలబడి, "నాన్నా, మన బీచిని ఎవరు తీసుకెళ్ళిపోయారు?" అని ఏడుపు లంకించుకుంది.

పక్కనే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగింది. ఈ దేశంలో పెద్దవాళ్ళు ముక్కూ మొహం తెలియని పిల్లలతో కూడా తీరిగ్గా మాట్లాడతారు. ఆవిడ వంగి, దూరంగా అలలు విరుగుతున్న చోటు చూపించి, "ఎక్కడికీ పోలేదమ్మా. అదిగో, అక్కడుంది. వస్తుంది. కాస్త ఓపిక పట్టాలి" అంది.

పిల్లని ఊరుకోబెట్టడానికి చెప్పిందనుకున్నాను. నేను నమ్మకపోవడానికి కారణం ఉంది. మా అమ్మమ్మగారి ఊరు ఉప్పాడ. కాకినాడ దగ్గర, జమ్‌దానీ చీరలకి పేరున్న ఊరు. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంటి గుమ్మం నుంచి నీళ్ళ దాకా పరిగెత్తాలంటే అరికాళ్ళు కాలిపోయేవి, అంత ఇసుక ఉండేది. మా అమ్మ చిన్నప్పుడు ఇంకా ఎంతో ఉండేదట. ఇప్పుడు ఆ గుమ్మమే లేదు. ఉప్పాడలో సముద్రం తీసుకున్నది తిరిగిచ్చినట్టు మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ చూళ్ళేదు.

కానీ ఒమహాలో ఆవిడ చెప్పినట్టే జరిగింది. నేను ఆ మెట్ల దగ్గర నిలబడి ఫోనుతో ఒక ఫొటో తీశాను. తర్వాత ఎప్పుడు వెళ్ళినా అదే చోట నిలబడి ఇంకో ఫొటో. ఏప్రిల్లో ఈస్టర్ సెలవులకి వెళ్తే నీటి అంచున సన్నగా ఒక ఇసుక గట్టు. డిసెంబరుకి ఆ గట్టు వెడల్పయి పైకి జరిగింది, చాప పరుచుకునే చోటు తిరిగొచ్చింది. ఆ తర్వాతి ఏడాది నిలువు గొయ్యి అంచులు రాలి వాలుగా మారాయి. ఆ వాలు మీదకి పైనుంచి గడ్డి తీగలు పాకడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ దిబ్బ పూర్తిగా పాత ఎత్తుకి రాలేదు గానీ, కొత్తగా చూసినవాళ్ళకి ఇక్కడ ఒకప్పుడు గొయ్యి ఉండేదంటే నమ్మశక్యం కాదు.

ఒకే సముద్రపు నీళ్ళు, ఒకే రకం ఇసుక రేణువులు. ఇక్కడ తిరిగొచ్చింది, అక్కడ ఎందుకు రాదు? ప్రోగ్రాం ఒక మెషీన్లో నడిచి ఇంకోదాంట్లో నడవకపోతే తేడా ఏమిటో వెతకడమే నా ఉద్యోగం. ఆ అలవాటుకొద్దీ దొరికిన పుస్తకాలూ రిపోర్టులూ చదవడం మొదలెట్టాను. ఈ సోదంతా అందుకే.

* * *

ముందు బీచి ఎలా తిరిగొస్తుందో చెబుతాను. తెలిసినవాళ్ళు తర్వాతి చుక్కల దాకా దాటేయొచ్చు.

మామూలు రోజుల్లో దూరం నుంచి వచ్చే అలలు పొడుగ్గా, తక్కువ ఎత్తులో, నింపాదిగా ఉంటాయి. అల ఒడ్డు మీదకి పాకేటప్పుడు కాస్త ఇసుక మోసుకొస్తుంది. వెనక్కి మళ్ళేటప్పుడు నీళ్ళలో కొంత భాగం ఇసుకలోకి ఇంకిపోతుంది కాబట్టి, వెళ్ళే నీటికి వచ్చినంత బలం ఉండదు. తెచ్చిందంతా తీసుకెళ్ళలేదు. అలకింత చొప్పున రోజుకి కొన్ని వేల అలలు. అదే మనం చాప పరుచుకునే మెట్ట.

తుఫానులో అంతా తారుమారవుతుంది. అలలు ఎత్తుగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి. ఇసుక అప్పటికే నీళ్ళు తాగి ఉంటుంది, ఇంక ఇంకదు. వెనక్కి మళ్ళే నీరు బలంగా లాగుతుంది. మెట్ట పోతుంది, దాని వెనకున్న దిబ్బ పాదం కూడా కోసుకుపోతుంది.

అయితే ఆ ఇసుక పాతాళానికి పోదు. ఒడ్డుకి కాస్త దూరంలో నీటి అడుగున ఒక గట్టులా పోగుపడుతుంది. ఆ గట్టు మీద అలలు ముందుగానే విరిగి, బలం చచ్చి ఒడ్డు చేరతాయి. అంటే దిబ్బ తన ఒంట్లో ఇసుకని ముందుకి పంపి తనకి తానే అడ్డుగోడ కట్టుకుంటుందన్నమాట! తుఫాను పోయాక నింపాది అలలు ఆ గట్టుని కొంచెం కొంచెం ఒడ్డుకి తోసుకొస్తాయి. ఆరిన ఇసుకని గాలి ఎగరేస్తుంది. దిబ్బ మీది గడ్డి దాన్ని పట్టుకుని ఆపుతుంది. ఇసుక కప్పేసినకొద్దీ గడ్డి పైకి పెరుగుతుంది, గడ్డి పెరిగినకొద్దీ ఇంకా ఇసుక ఆగుతుంది.

తీసుకోవడానికి ఒక రాత్రి చాలు. మెట్ట తిరిగి రావడానికి నెలలు, దిబ్బ తిరిగి రావడానికి ఏళ్ళు. పైగా అన్ని ఏళ్ళూ ఒక్కలా ఉండవు. న్యూజీలాండ్ ఈశాన్య తీరంలో లా నీనా ఏళ్ళలో ఈశాన్యపు గాలులెక్కువ, కోతా ఎక్కువే. ఎల్ నినో ఏళ్ళలో గాలి పడమటి నుంచి, అంటే నేల మీంచి వీస్తుంది, ఈ తీరానికి కాస్త ఊపిరి సలుపుతుంది. ఒక్కోసారి పదేళ్ళపాటు ఒడ్డు వెనక్కి జరిగి, మరో పదేళ్ళలో ముందుకొస్తుంది. పక్కనున్న ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర కొలరాయ్–నారబీన్ బీచిని 1976 నుంచి క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. ఆ లెక్కల్లో ఒడ్డు ఊపిరి తీస్తున్నట్టు లోపలికీ బయటికీ ఆడుతూనే ఉంటుంది. 2016 జూన్ తుఫానులో ఒక ఇంటివాళ్ళ ఈతకొలను విరిగి బీచిలో పడిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. అది ఆ బీచే.

కాబట్టి దిబ్బ అనేది బీచి పక్కనుండే ఖాళీ స్థలం కాదు, బీచి దాచుకున్న సొమ్ము. దాని మీద ఇల్లు కట్టడమంటే, ఇంకొకరి బ్యాంకు లాకర్లో కాపురం పెట్టడమే.

* * *

సరిగ్గా ఆ పనే ఒమహాలో చేశారు. నేను మురిసిపోయి ఫొటోలు తీసుకున్న ఆ బీచి అచ్చంగా ప్రకృతి ఇచ్చింది కాదనీ, ఒకసారి చెడిపోయి బాగుపడిందనీ అప్పుడే తెలిసింది.

ఒమహా ఇసుక కథ చాలా పాతది. వైకాటో నది ఇప్పుడు ఆక్లండ్‌కి దక్షిణాన పడమటి సముద్రంలో కలుస్తుంది. ఇరవై వేల ఏళ్ళకు పూర్వం అది తూర్పుగా పారేది. అప్పుడు భూమి మీద నీరు చాలాభాగం మంచుగా ఉండి, సముద్రం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందుండేది. ఇప్పుడు పడవలు తిరిగే హౌరాకీ అఖాతం అప్పుడు పొడి నేల. నడి దేశపు అగ్నిపర్వతాల బూడిదనీ ఇసుకనీ ఆ నది అక్కడ పరిచింది. తర్వాత నది దారి మార్చుకుంది, మంచు కరిగి సముద్రం పైకొచ్చింది, సుమారు ఏడు వేల ఏళ్ళ క్రితం ఇప్పటి మట్టానికి చేరింది. అలలు అడుగునున్న ఆ ఇసుకని ఒడ్డుకి నెట్టుకొచ్చాయి. పాకిరి (పోకిరి కాదండోయ్, పాకిరి!), ఒమహా లాంటి తెల్లటి బీచిలన్నీ అలా తయారయ్యాయి. దీని అర్థం ఏమిటంటే, ఆ నది ఇప్పుడు కొత్త ఇసుక తేవడం లేదు. తాతలు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్టు తప్ప నెల జీతం లేదు.

1970ల మొదట్లో, మంగతాఫిరి అనే ఆ ఇసుక నాలుక మీద ప్లాట్లు వేశారు. సముద్రం కనబడితే ప్లాటుకి ధర ఎక్కువ. అడ్డంగా ఉన్న ముందు దిబ్బని చదును చేశారు. ఇళ్ళ స్థలాలు నీటికి దగ్గరగా జరిగాయి. సముద్రం కాస్త ముందుకొచ్చేసరికి గోడ కట్టారు. 1978లో ఈశాన్యపు తుఫాను వచ్చింది. గోడ విరిగిపోయింది. వెనక దిబ్బ లేదు కాబట్టి సముద్రానికి ముందుకి తీసుకెళ్ళడానికి ఇసుక లేదు. ఇసుక లేదు కాబట్టి నీటి అడుగున గట్టు లేదు. గట్టు లేదు కాబట్టి అలలు నేరుగా వచ్చి తగిలాయి.

గోడ వల్ల ఇంకో చిక్కుంది. దిబ్బకి తగిలిన అల ఇసుక తీసుకుని చల్లబడుతుంది. గోడకి తగిలిన అల అదే బలంతో వెనక్కి తన్నుతుంది, గోడ పాదం దగ్గరున్న ఇసుకనే తవ్వుతుంది. గోడ చివర్లలో సుడి తిరిగి పక్కవాడి స్థలాన్ని కోస్తుంది. గోడ తన వెనకున్న ఇంటిని కొన్నాళ్ళు కాపాడితే కాపాడొచ్చు. ముందున్న బీచిని మాత్రం కాపాడలేదు.

1979లో ఒమహా ఉత్తర కొసన సముద్రంలోకి మూడు రాతి కట్టలు వేశారు, తీరం వెంట జారిపోయే ఇసుకని ఆపడానికి. బుల్‌డోజర్లతో ఇసుక పోగేసి, చదును చేసిన దిబ్బని మళ్ళీ నిలబెట్టారు. దాని మీద గడ్డి నాటారు. మనుషులు తొక్కకుండా కంచెలు వేసి, నడవడానికి చెక్క దారులు కట్టారు. తర్వాత దక్షిణం వైపు కొత్త ఇళ్ళు కట్టినప్పుడు వాటిని దిబ్బ వెనక్కి జరిపారు. గాబ్రియెల్ వచ్చినప్పుడు కోసుకుపోయింది ఆ దిబ్బే. అంటే అది చేయాల్సిన పని అది చేసింది. మా అమ్మాయి ఏడ్చిన ఆ గొయ్యి బీచి చచ్చిపోవడం కాదు, దాచిన సొమ్ము అవసరానికి ఖర్చుపెట్టుకోవడం.

ఇలాంటి అనుభవాలు చాలా చోట్ల అయ్యాకే ఇక్కడి చట్టాల్లో మార్పొచ్చింది. 2010లో తెచ్చిన జాతీయ తీర విధానంలో, తీరంలో ఏం కట్టాలన్నా కనీసం 100 ఏళ్ళ ముప్పుని లెక్కలోకి తీసుకోవాలనీ, దిబ్బల లాంటి సహజ రక్షణల్ని కాపాడాలనీ రాశారు. పాకిరి దగ్గర ఆక్లండ్ కాంక్రీటు కోసం దశాబ్దాలుగా సముద్రం అడుగు నుంచి ఇసుక తీస్తూ వచ్చారు. కొనసాగించడానికి అడిగిన అనుమతుల్ని 2024లో ఎన్విరాన్‌మెంట్ కోర్టు నిరాకరించింది. జీతం లేనివాడి డిపాజిట్టు మీద ఎన్నాళ్ళని చేయి వేస్తాం?

* * *

గడ్డి అన్నాను కదా, దానికి వేరే చరిత్ర ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

న్యూజీలాండ్ దిబ్బల మీద మొదట్నుంచీ ఉన్నవి ముఖ్యంగా రెండు మొక్కలు. ఒకటి స్పినిఫెక్స్, వెండి రంగు తీగ గడ్డి. రెండోది పీంగావ్, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, ఎండితే బంగారు రంగు. మావోరీలు దాంతో బుట్టలూ, సభామందిరాల గోడలకి అల్లిక పలకలూ చేస్తారు. వాళ్ళ కథ ఒకటుంది. అడవి దేవుడు టానేకీ, సముద్ర దేవుడు టాంగరోవాకీ పోట్లాట. అన్నదమ్ములే. టానే సంధి చేసుకుందామని తన కనుబొమ్మలు పీకి తమ్ముడికి కానుకగా పంపాడట. టాంగరోవా కోపం చల్లారక వాటిని తిరిగి ఒడ్డు మీదకి విసిరేశాడట. అవే పీంగావ్‌గా మొలిచి, ఈనాటికీ అడవికీ సముద్రానికీ మధ్య సరిహద్దుగా ఉన్నాయట.

ఇది చదివిన రోజు నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎందుకంటే ఉప్పాడ ఇసుకలో ముళ్ళు ముళ్ళుగా పాకే గడ్డిని అమ్మమ్మ రావణాసురుడి మీసాలనేది. గాలికి ముళ్ళబంతుల్లాంటి కాయలు దొర్లుకుంటూ పోతే వెంటపడి కాళ్ళకి గుచ్చుకునేవాళ్ళం. ఆ గడ్డి కూడా స్పినిఫెక్స్ జాతిదే! వాళ్ళకి దేవుడి కనుబొమ్మలు, మనకి రాక్షసుడి మీసాలు. ఇసుకని పట్టుకుని కూర్చునేవాడికి మొహం మీద వెంట్రుకలుండాలని రెండు చోట్లా ఎందుకు తోచిందో :-)

పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు వచ్చి దిబ్బల మీదకి గొర్రెల్నీ పశువుల్నీ తోలారు. కుందేళ్ళు తోడయ్యాయి. కనుబొమ్మలన్నీ మేసేశాయి. పట్టుకునేది లేక ఇసుక లేచింది, పొలాల మీదా రోడ్ల మీదా పడింది. ఎంత ముదిరిందంటే 1903లో ఇసుక మేటల కోసమే ఒక చట్టం చేయాల్సొచ్చింది. లెనార్డ్ కొకేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దేశమంతా తిరిగి దిబ్బల మీద ప్రభుత్వానికి 1911లో పెద్ద నివేదిక ఇచ్చాడు. ఇసుకని ఆపడానికి అప్పట్లో అందరికీ తెలిసిన మందు యూరప్ నుంచి తెచ్చిన మారమ్ గడ్డి. తర్వాత దశాబ్దాల్లో దాన్ని విపరీతంగా నాటారు. 1930ల కరువు రోజుల్లో ఉద్యోగాల్లేనివాళ్ళ చేత ఆక్లండ్ పడమటి తీరంలో మారమ్ నాటించి, దాని వెనక పైన్ చెట్లు పెంచారు. ఇప్పుడు జనం సైకిళ్ళు తొక్కే వుడ్‌హిల్ అడవి అలా పుట్టిందే.

మందు పనిచేసింది, ఎక్కువగానే పనిచేసింది. మారమ్ దిబ్బని ఎత్తుగా నిటారుగా పెంచుతుంది, పక్క మొక్కని బతకనివ్వదు. మారమ్, పైన్ తోటలు, పచ్చికబయళ్ళు, ఇళ్ళు అన్నీ కలిసి, కదలాడే సహజ దిబ్బల విస్తీర్ణాన్ని ఇరవయ్యో శతాబ్దంలో సుమారు 70 శాతం తగ్గించాయని ఒక అంచనా. స్పినిఫెక్స్ తీరు వేరు. అది దిబ్బని తక్కువ ఎత్తులో వాలుగా కడుతుంది. తుఫాను కోసేశాక పైనుంచి తీగలు సముద్రం వైపుకే పాకి మళ్ళీ ఇసుక పడతాయి. నా ఫొటోల్లో కనబడ్డది అదే. 1990ల నుంచి బే ఆఫ్ ప్లెంటీ లాంటి చోట్ల కోస్ట్ కేర్ పేరుతో ఊళ్ళవాళ్ళే వారాంతాల్లో చేరి స్పినిఫెక్స్, పీంగావ్ నాటుతున్నారు. పోయినేడు మేమూ ఒకచోట వెళ్ళాం. మా అమ్మాయి పదకొండు మొక్కలు నాటి, ఇంటికొచ్చాక పదిహేనని చెప్పింది.

* * *

ఇంక ఉప్పాడకి వస్తాను. వాయిదా వేసుకుంటూ వచ్చాను గానీ తప్పదు.

2023 డిసెంబరులో, ఒమహాలో నా ఫొటోకి మెట్ట తిరిగొచ్చిన నెలలోనే, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరానున్నా ఉప్పాడ ఒడ్డు మళ్ళీ కోసుకుపోయింది. మా మావయ్య ఇంటి ముందు బండరాళ్ళు, సిమెంటు వేసి కట్టించుకున్న గోడ పోయింది. గోడతోపాటు కొట్టు ముందరి అరుగు, దానికి ముందు గోడ లేని పక్కింటివాళ్ళ వంటగది. ఆ గోడకి డబ్బు పంపింది నేనే. అందుకే పైన గోడల గురించి అంత వివరంగా రాయగలిగాను.

ఉప్పాడకి ఏమైంది? సముద్రం కోపగించిందని మావయ్య అంటాడు. కాగితాలు చూస్తే కోపం కన్నా లెక్కే కనిపిస్తుంది.

మన తూర్పు తీరంలో అలలు ఇసుకని మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. గోదావరి తెచ్చిన ఇసుక అలా పైకి నడుస్తూ కాకినాడ ముందు ఒక పొడుగాటి నాలుకలా సాగింది. అదే హోప్ ఐలండ్. పదహారు కిలోమీటర్ల పొడుగు, గత రెండు వందల ఏళ్ళలో పెరిగిందేనంటారు. దాని చాటున కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంది. ఆ చాటు అయిపోయిన చోట, అలలన్నీ వచ్చి పడే చోట ఉప్పాడ ఉంది. పైగా ఉప్పాడకి అందాల్సిన ఇసుక ఆ నాలుక దగ్గరే ఆగిపోతోంది.

ఇదే గోదావరి ఒండ్రు కోరంగి రేవుని పూడ్చేసింది. 1839 తుఫానుకి దెబ్బతినేదాకా ఓడలు కట్టిన పెద్ద రేవు అది. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు ఆ రేవు నుంచే వచ్చింది. పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటిన మనవాళ్ళలో నేను మొదటివాణ్ణేం కాదు. ఒక ఊరు ఇసుక ఎక్కువై పోయింది, పక్క ఊరు ఇసుక లేక పోతోంది.

ఇది ప్రకృతి చేసిన భాగం. మనం చేసిన భాగం వేరే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల మట్టీ ఇసుకా డెల్టాకి తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్ళకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది ఎక్కడుంది? జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ లాంటి ఆనకట్టల వెనక ఉంది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం, దాదాపు ఏమీ రావడం లేదు. ఆ నీళ్ళే అన్నం పెట్టాయి, కరెంటిచ్చాయి, నన్ను చదివించాయి. ఆనకట్టలు వద్దనే మాట నా నోటి నుంచి రాదు. కానీ డెల్టా నెల జీతం సగానికి పైగా కోసేసి, ఖర్చు మాత్రం మునుపటిలాగే పెట్టమంటే ఎలా?

న్యూజీలాండ్‌లోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. క్రైస్ట్‌చర్చి దగ్గర వైమకరీరి నది దక్షిణ ఆల్ప్స్ కొండల నుంచి ఇసుకని అడ్డం లేకుండా సముద్రానికి తెస్తోంది. పక్కనున్న న్యూ బ్రైటన్ బీచి కొన్ని దశాబ్దాలుగా తగ్గడం పోయి పెరుగుతూ వచ్చింది. జీతం వచ్చే ఇల్లు అది.

విశాఖపట్నంలో చదువుకున్న రోజుల్లో ఆర్.కె. బీచిలో గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. ఆ ఇసుక చాలావరకు మిషన్లు పోసిందని అప్పుడు తెలీదు. 1933లో తెరిచిన ఓడరేవుకీ, 1976లో వచ్చిన ఔటర్ హార్బరుకీ కట్టిన గోడలు దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుకకి అడ్డం పడ్డాయి. అందుకని అక్కడ ఆగిన ఇసుకని తవ్వి తీసి ఉత్తరాన బీచి వైపు పంపుతూ ఉండాలి. అది సరిగ్గా జరిగితే బీచి ఉంటుంది. అటు తుఫానొచ్చి ఇటు ఇసుక అందకపోతే, 2014 హుద్‌హుద్ తర్వాత అయినట్టు, రోడ్డు దాకా కోసుకొస్తుంది.

మన దేశంలో కూడా తీరానికి చట్టం లేకపోలేదు. 1991 ఫిబ్రవరిలోనే సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ వచ్చింది, ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద నిబంధనలతో. కాకపోతే ఉప్పాడలో ఆ గీతే ఊళ్ళోకి నడిచొచ్చేసింది. అక్కడ జియోట్యూబుల గోడ వేశారు, రాళ్ళు పోశారు. కాకినాడ వెళ్ళే బీచి రోడ్డుని తుఫాను తుఫానుకీ మళ్ళీ వేస్తూనే ఉన్నారు.

ఇన్ని చదివాక నాకు మిగిలింది ఇంతే. బీచి తనని తానే కట్టుకుంటుంది, నిజమే. కానీ దానికి రెండు కావాలి. ఒకటి ఇసుక, రెండు వెనక్కి జరగడానికి చోటు. ఒమహాలో చోటు లాక్కున్నారు, కొంత తిరిగిచ్చారు, ఇసుక ఇంకా మిగిలుంది కాబట్టి బీచి బతికింది. ఉప్పాడకి ఇసుకా లేదు, చోటూ లేదు. సముద్రం బాకీ ఎగ్గొట్టే రకం కాదు, దాని చేతిలో పైసా లేకుండా చేస్తే ఎక్కణ్ణుంచి తెచ్చి తీరుస్తుంది? పైగా సముద్ర మట్టం పెరుగుతున్న రోజులు. ఒమహా కూడా ఎల్లకాలం ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. గోడ మళ్ళీ కట్టించాలిరా, ఈసారి పునాది లోతుగా వేయిద్దాం, రెండు లక్షలు సర్దగలవా అన్నాడు. నేను చదివిందంతా అరగంట చెప్పాను. అలల సంగతి, గట్టు సంగతి, గోదావరి సంగతి. ఓపిగ్గా విన్నాడు. "గోడకి వద్దు మావయ్యా. అదే డబ్బు, ఇంకొంచెం కలిపి ఇస్తాను. కొత్తపల్లి వైపు లోపలికి ఎక్కడైనా జాగా చూడు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు చెప్పింది అబద్ధమని కాదురా. నా దగ్గర సరుకు కొనేవాళ్ళంతా వేటకెళ్ళేవాళ్ళు. పడవలు ఇక్కడుంటే వాళ్ళూ ఇక్కడే ఉంటారు. వాళ్ళు ఇక్కడుంటే నేనక్కడ ఎవరికి అమ్మను?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఒమహాలో వెనక్కి జరిగినవి సెలవు ఇళ్ళు. ఉప్పాడలో జరగాల్సింది బతుకు. చోటివ్వాలి అని రాయడం తేలిక. ఇచ్చేవాడికి వెనక ఏముందో కూడా చూడాలి. ఒక్కడు జరిగితే కుదరదు, ఊరు ఊరంతా పడవలతో సహా జరగాలి. అది ఏ మేనల్లుడి జీతంతోనూ అయ్యే పని కాదు.

డబ్బు పంపాను. గోడకా, జాగాకా అని అడగలేదు. వారం తర్వాత అమ్మ ఫోన్‌లో, మావయ్య కొత్తపల్లి రోడ్డులో రెండు స్థలాలు చూసొచ్చాడని చెప్పింది. రెండూ నచ్చలేదట. సముద్రం చప్పుడు వినబడకపోతే నిద్ర పట్టదంటున్నాడట.